వెళ్లాలా వద్దా తేలకపోయినా, ముందు కాగితాలు బయటికి చేర్చండి

అక్కా, భర్త తాగొచ్చి కొడుతున్నాడు, ఇద్దరు పిల్లలతో వెళ్లిపోవాలో ఉండాలో తేల్చుకోలేకపోతున్నాను, ఈలోపు ఏం చేయాలి అని అడిగారు. వెళ్లడం సంగతి తర్వాత. గొడవయ్యే రాత్రికి ఏం చేయాలో ఇప్పుడే అనుకోవాలి. ప్రొద్దుటూరులో ఏడేళ్లు కాపురం చేశాను, నా తప్పులతో సహా చెబుతా.

మొదటిసారి కోపంలో "పుట్టింటికి పోతున్నా" అని మొహానే అనేశాను. ఎప్పుడూ లేనంతగా కొట్టింది ఆ రోజే. ఆధార్ కూడా దాచేశాడు. వదిలిపోతుందని తెలిస్తేనే వాళ్లకు పిచ్చి ముదురుతుంది. ఆ ముక్క ఎవరి దగ్గరా నోరు జారకండి.

రెండోసారి నెల పట్టింది. ఆధార్ (కొత్తది తీయించుకున్నా), పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు, ఒక జత బట్టలు ఒక్కొక్కటిగా మా డ్వాక్రా లీడరమ్మ ఇంటికి చేర్చాను. ఒకేసారి తీస్తే బీరువా బోసిగా కనిపిస్తుంది. పక్కింటి పెద్దమ్మతో ఒక మాట అనుకున్నాం: మా పాప వచ్చి "అమ్మ జల్లెడ ఇమ్మంది" అంటే వెంటనే పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలని. ఒకసారి నిజంగానే జల్లెడ కావాల్సొచ్చి, అడగలేక పిండి అట్లాగే కలిపేశా!

గొడవ మొదలైతే వంటింట్లోకి పోవద్దు, అక్కడ కత్తిపీట ఉంటుంది. బాత్రూంలోకీ వద్దు, బయటికి దారి ఉండదు. వీధి తలుపు దగ్గరే ఉండండి.

నా ఫోన్లో జీమెయిల్ పెట్టిచ్చింది ఆయనే. నేనెక్కడున్నానో దాంట్లో చూస్తున్నాడని చాలా రోజులకు తెలిసింది. అందుకే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి పెద్దమ్మ ఫోన్ నుంచి చేశా. రాత్రయినా పలుకుతారు.

చెయ్యి విరిగినప్పుడు మెట్ల మీద పడ్డానని డాక్టరమ్మతో అబద్ధం చెప్పా. చీటీలో అదే రాశారు, కోర్టులో ఆయన లాయరు ఆ చీటీనే చూపించాడు. మీరు నిజం చెప్పి రాయించుకోండి.

స్టేషన్లో నన్ను "సర్దుకుపోమ్మా" అని పంపేశారు. 2005 గృహహింస చట్టం ప్రకారం స్టేషన్‌కు పోకుండానే ప్రొటెక్షన్ ఆఫీసరుకో (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారి), నేరుగా మేజిస్ట్రేటుకో అర్జీ పెట్టుకోవచ్చని అప్పుడు తెలియదు. పుట్టింట్లో ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు, నేను తాడిపత్రిలో వేశాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది, ఆడవాళ్లకు ఆదాయం లెక్క చూడరు. నంబరు 15100. పోవడానికి చోటు లేకపోతే హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి వన్ స్టాప్ సెంటర్లో కొన్ని రోజులు ఉండనిస్తారు. మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, 181లోనే ముందు అడగండి.

నేను బయలుదేరింది మంగళవారం పగలు, ఆయన అంగట్లో ఉండగా, చేతిలో కూరగాయల సంచితో. జమ్మలమడుగు మీదుగా పోయే బస్సెక్కా. ఛార్జీ డబ్బులు పోపుల డబ్బాలో దాచినవే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు ఛార్జీ లేదు గానీ, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి. కాగితాల్లో మొదట ఆధార్ చేర్చమనేది ఇందుకే.

ఆయన చూసే ఫోన్లో ఇది చదువుతుంటే హిస్టరీలో దీన్నొక్కదాన్నే తీసేయండి. మొత్తం తుడిచేస్తే అనుమానం వస్తుంది.