మొదటి యాడ్ షూట్ చేయబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లల బట్టల షోరూమ్ వాళ్ళ ఫోటోలు, వీడియో రెండూ నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం, నాన్నా. ప్రొడ్యూసర్‌గా నీకిది మొదటి పని కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

లొకేషన్, కెమెరా తర్వాత. ముందు పిల్లల సంగతి చూడు. కెమెరా ముందుకు వచ్చే పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. రోజుకు 5 గంటలు మించకూడదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ అనుమతి కావాలి. వాళ్ళకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఒక్క రోజు షూట్‌కి ఇవన్నీ ఎందుకండీ అనేవాళ్ళు నీ చుట్టూనే ఉంటారు, వినకు. నేనైతే పిల్లలు సెట్‌లో అడుగుపెట్టినప్పటి నుంచే గంటలు లెక్క వేస్తాను. మేకప్ కుర్చీలో కూర్చున్నా వాళ్ళకు అలసటే కదా. అందుకే వాళ్ళ షాట్లన్నీ పొద్దున్నే పెట్టు. బట్టలు విడిగా తీసే ఫోటోలు సాయంత్రం దాకా ఆగుతాయి, పిల్లలు ఆగరు.

ఫోటోలు, వీడియో ఒకే రోజు పెట్టుకున్నప్పుడు గొడవంతా టైమ్ దగ్గరే వస్తుంది. ఇద్దరు కెమెరామెన్లూ ఒకే పాపను ఒకేసారి అడుగుతారు. ఫ్లాష్ వెలిగితే వీడియో పాడవుతుంది కాబట్టి ఇద్దరినీ పక్కపక్కన నడపలేవు. ఒక డ్రెస్ వేయగానే ముందు వీడియో, అదే డ్రెస్‌లో వెంటనే స్టిల్స్, ఆ తర్వాతే బట్టలు మార్చడం. ఈ వరస డ్రెస్‌ల వారీగా కాల్‌షీట్‌లో, అంటే ఆ రోజు ఎవరు ఎప్పుడు ఏం చేయాలో చెప్పే కాగితంలో రాసి, ముందు రోజే అందరికీ పంపించు.

డైరెక్టర్ గోల్కొండ అడుగుతున్నాడట. కోట ఏఎస్‌ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, యాడ్ షూటింగ్‌కి ముందుగా లైసెన్సు తీసుకోవాలి. పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి, అక్కడి దరఖాస్తు వేరు. ఇక డ్రోన్ అంటావా, కోటను ఆనుకునే సైన్యం ఆర్టిలరీ సెంటర్ ఉంది. డ్రోన్ ఎక్కడ ఎగరవేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో పడుతుందో చూడకుండా మాట ఇవ్వకు. అసలు చంటిపిల్లలతో ఆ ఎండలో, ఆ మెట్ల మీద షూట్ నాకు నచ్చలేదు. నీడ, బాత్రూమ్, కారు ఆగే చోటు ఉన్న ఇల్లు ఏదైనా అద్దెకు తీసుకో.

తల్లిదండ్రుల సంతకం షూట్‌కి ముందే తీసుకో. ఫోటోలు హోర్డింగ్ మీద వేస్తారా, ఇన్‌స్టాగ్రామ్‌లోనా, ఎన్నేళ్ళు వాడతారు, అన్నీ ఆ కాగితంలో తెలుగులో ఉండాలి.

డబ్బు విషయం గట్టిగా చెబుతున్నాను. కృష్ణానగర్ నుంచి వచ్చే లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్స్, మేకప్ అసిస్టెంట్లు రోజు కూలీ మీద బతికే మనుషులు. ప్యాకప్ చెప్పిన రోజే వాళ్ళ డబ్బు, బేటా (రోజు ఖర్చులకిచ్చే భత్యం) చేతిలో పెట్టెయ్. క్లయింట్ ఎప్పుడు ఇస్తాడన్నది నీ తలనొప్పి, వాళ్ళది కాదు. అందుకే సగమైనా అడ్వాన్స్ అందాకే లొకేషన్‌కి డబ్బు కట్టు. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ నంబరు బిల్లు మీద వెయ్యి. చిన్న సంస్థల బిల్లును ఒప్పందం రాసుకున్నా సరే 45 రోజులు దాటించకూడదని చట్టం చెబుతోంది, మర్యాదగా గుర్తు చేయడానికి పనికొస్తుంది.

కార్డుల్లోని ఫైళ్ళు రెండు హార్డ్‌డిస్క్‌లలోకి ఎక్కించి, తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయించు. రెండు డిస్క్‌లూ ఒకే బ్యాగులో పెట్టకు. ఒకటి నీ దగ్గర, ఒకటి ఎడిటర్ దగ్గర ఉండనీ. వాటి ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే రాసుకో, తర్వాత అడిగితే క్లయింట్ ఇవ్వడు.

ఉంటాను,
మీ పెద్దమ్మ