అందరూ ‘పాటించాం’ అనే రాస్తే ఏం చదవాలి?

ప్రశ్న: ఉపాధ్యాయునిగా పనిచేసి విరమణ పొందాను. కొన్ని కంపెనీల షేర్లు ఉన్నాయి. ఏటా వచ్చే వార్షిక నివేదికలో ‘కార్పొరేట్ గవర్నెన్స్ నివేదిక’ (కంపెనీ పాలన ఎలా సాగుతోందో చెప్పేది) అనే భాగం చాలా పుటలు ఉంటోంది. నిబంధనలన్నీ పాటించామని ప్రతి కంపెనీ రాస్తోంది. అలాంటప్పుడు దానిని చదివి మదుపరి తెలుసుకొనేది ఏమిటి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ‘పాటించాం’ అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో హైదరాబాదు మదుపరులకు ఒకసారి బాగానే తెలిసివచ్చింది. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌ విషయంలోనే గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఇచ్చిన లేఖ ప్రకారం, ఖాతాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనేలేవు. స్వతంత్ర డైరెక్టర్లకు (యాజమాన్యంతో సంబంధం లేని బోర్డు సభ్యులకు) కొదవ లేదు, ఆడిటర్లు పేరున్నవారే. లేని బ్యాంకు నిల్వను ఉన్నట్టు చూపినప్పుడు దానిని గవర్నెన్స్ నివేదిక చదివి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అయితే ఆ కంపెనీ విషయంలోనే బయటికి కనిపించిన సూచనలు కొన్ని ఉన్నాయి. ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపించేవారి) వాటా ఏళ్ల తరబడి తగ్గుతూ 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకు చేరింది. అదే ఏడాది డిసెంబరు 16న, ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు తీర్మానించి, మదుపరులు భగ్గుమనడంతో గంటల వ్యవధిలోనే వెనక్కి తగ్గింది. ప్రమోటర్ల షేర్లు అప్పుల కోసం తనఖాలో ఉన్న సంగతి ఆ తరువాతే వెల్లడైంది. 2009 జనవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇలాంటి తనఖాల వెల్లడిని తప్పనిసరి చేసింది.

కాబట్టి నా సలహా ఏమిటంటే, ‘పాటించాం’ అన్న ధ్రువపత్రాన్ని దాటి పట్టికల దగ్గరికి వెళ్లండి. నేనైతే ముందుగా సంబంధిత పక్షాలతో (ప్రమోటర్లు, వారి కుటుంబాలు, సంస్థల వంటివాటితో) జరిగిన లావాదేవీలను చూస్తాను. ప్రమోటర్ల సొంత సంస్థలకు కంపెనీ ఇచ్చిన అప్పులు, హామీలు, అద్దెలు ఏటేటా అమ్మకాల కంటే వేగంగా పెరుగుతుంటే, డబ్బు ఎటు పోతోందో అడగవలసిందే. ఇలాంటి లావాదేవీ నిర్ణీత పరిమితి దాటితే, సెబీ 2015 నిబంధనల ప్రకారం ముందుగా వాటాదారుల ఆమోదం కావాలి, అందులో సంబంధిత పక్షాలు అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు. అంటే మీ కొద్దిపాటి ఓటుకు అక్కడ మామూలు కంటే ఎక్కువ బరువు ఉంటుంది. ఈ-ఓటింగ్ సమాచారం వచ్చినప్పుడు పక్కన పడేయకండి.

తరువాత చూడవలసింది మనుషులను. బోర్డు సమావేశాలకు ఎవరెన్నిసార్లు హాజరయ్యారో, ఎవరు ఎన్ని కంపెనీల్లో డైరెక్టర్లుగా ఉన్నారో అందులోనే రాస్తారు. గడువుకు ముందే స్వతంత్ర డైరెక్టరు తప్పుకొంటే కారణం చెప్పాలి. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటలతో ఇద్దరు ముగ్గురు ఒకే ఏడాదిలో వెళ్లిపోయినా, ఆడిటరు మధ్యలో వదిలేసినా, నాకు ఆ రెండు మాటలు సరిపోవు. డైరెక్టర్ల జీతానికీ ఉద్యోగుల మధ్యస్థ జీతానికీ (అందరి జీతాలూ వరుసలో పెడితే నడిమధ్యన వచ్చేదానికి) ఉన్న నిష్పత్తినీ చూడండి, అది సాధారణంగా బోర్డు నివేదిక అనుబంధాల్లో ఉంటుంది.

ఒక్క ఏడాది నివేదికతో ఇవేవీ తేలవు. నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టుకోవాలి.

ప్రశ్న: నా దగ్గర ఉన్న ఒక చిన్న కంపెనీ, ఈ నివేదిక తమకు వర్తించదని రాసింది. అది తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు కాకపోవచ్చు. చెల్లించిన మూలధనం రూ.10 కోట్లు, నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేది) రూ.25 కోట్లు మించని కంపెనీలకు సెబీ గవర్నెన్స్ నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఉంది. కంపెనీల చట్టం మాత్రం వర్తిస్తూనే ఉంటుంది: బోర్డులో మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి, సంబంధిత పక్షాలతో లావాదేవీలను ఖాతాల నోట్స్‌లో చూపాలి. వాటాల వివరాలు స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో దొరుకుతాయి. అక్కడ తనఖా షేర్ల వరుసను ముందు చూడండి.