క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో ర్యాంకు రాని పిల్లాడి కష్టాన్ని ఎవరైనా గుర్తిస్తారా?

మీరు అడిగినవి రెండు. శ్రీకాకుళంలో ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) బడిలో రెండో తరగతి చదువుతున్న మీ బాబు ఇంట్లో బాగా కష్టపడతాడు, మార్కులు మాత్రం అంతంతమాత్రం, అసెంబ్లీలో చప్పట్లన్నీ ఫస్టు, సెకండు వచ్చినవాళ్లకే. ఇలాంటి బళ్లలో కష్టానికి విలువ ఉంటుందా అన్నది ఒకటి. మీరు క్రైస్తవులు కారు కాబట్టి బడిలో జరిగే కార్యక్రమాల్లో కలిసిపోగలరా అన్నది రెండోది.

నేను ఈ జిల్లాలోనే ఒక క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో చాలా ఏళ్లు రెండు, మూడు తరగతులకు పాఠాలు చెప్పాను. మాదీ హిందూ కుటుంబమే. మా అమ్మాయి కూడా అక్కడే చదువుకుంది. టీచర్‌గానూ తల్లిగానూ చూసింది చెబుతాను.

కష్టానికి విలువ ఇచ్చే బళ్లున్నాయి. అయితే అది పేరులో క్యాథలిక్ అని ఉన్నంత మాత్రాన రాదు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారూ క్లాస్ టీచర్లూ కూర్చుని దానికో పద్ధతి పెట్టుకుంటేనే వస్తుంది. ఆ మాటకొస్తే వాళ్ల సంప్రదాయంలోనే దానికి పునాది ఉంది. క్యాథలిక్ సభ టీచర్లందరికీ పాలక పునీతుడిగా, అంటే వాళ్లకు అండగా నిలిచే సెయింట్‌గా, 1950లో ప్రకటించిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్, మూడు వందల ఏళ్ల కింద ఫ్రాన్స్‌లో పేదపిల్లలకు బళ్లు నడిపారు. ఆ బళ్లలో బహుమతులు మూడు రకాలు: భక్తికి ఒకటి, ప్రతిభకు ఒకటి, శ్రద్ధగా విడవకుండా చదివేవాళ్లకు ఒకటి. ఈ మూడోదాన్ని పక్కనపెట్టి ప్రతిభ ఒక్కదానికే కప్పులిచ్చే బడి, తన సొంత ఆస్తిని తానే వదులుకున్నట్టని నా అభిప్రాయం.

గుర్తింపు పేరుతో జరిగేవన్నీ మంచివేం కావు. చాలా చోట్ల ‘స్టార్ ఆఫ్ ది వీక్’ అని సర్టిఫికెట్ ఇస్తారు. అందరికీ రావాలని వరసగా ఇచ్చుకుంటూ పోతారు. దసరా సెలవులు దాటేసరికి పిల్లలు లెక్క కట్టేస్తారు: ‘వచ్చే వారం నా రోల్ నంబరే టీచర్’ అంటారు. ఆ కాగితం ఇంటికెళ్లి ఫ్రిజ్ మీద అంటుకుంటుంది, పిల్లాడి మనసుకు మాత్రం అంటదు. నూటికి నూరు శాతం అటెండెన్స్ బహుమతి కూడా నాకు నచ్చదు. దానికోసం జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా బడికి వచ్చిన పిల్లల్ని చూశాను.

మరి ఏది పనిచేస్తుంది? నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. అమ్మానాన్న చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉండేవారు, వీడు అమ్మమ్మ దగ్గర పెరిగేవాడు. మన జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకు తెలియనిది కాదు. జూన్‌లో వాడికి వత్తులు అసలు వచ్చేవి కావు. ‘అమ్మమ్మ’ అని రాయమంటే ‘అమమ’ అని రాసేవాడు. గుణింతం గుర్తు అక్షరం మీద నిలవక పక్కకు పోయేది. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కేవాడంటే వెనక పేజీలో అక్షరాలు పైకి తేలేవి. రోజూ ఐదు మాటలే ఇచ్చేదాన్ని. వాడు ఎవరూ అడక్కుండానే చెరిపి మళ్లీ రాసేవాడు, కొన్నిసార్లు కాగితం చిరిగిపోయేదాకా. సంక్రాంతి సెలవుల ముందు వాడు సొంతంగా ఓ పేజీ రాసి తెచ్చాడు. తప్పులున్నాయి, కానీ వత్తులన్నీ అక్షరాల కిందే ఉన్నాయి.

మా సిస్టర్ గారు సోమవారం అసెంబ్లీలో ఆ కొత్త పేజీ ఒక్కటే పైకెత్తి చూపించారు. ‘ఈ పేజీలో ప్రతి వత్తూ దాని చోట ఉంది. ఇందుకు ఈ అబ్బాయి రోజూ చెరిపి చెరిపి రాశాడు’ అన్నారు. అంతే, కప్పూ లేదు, చాక్లెట్టూ లేదు. జూన్ నాటి పేజీ మాత్రం పిల్లల ముందు తీయలేదు. దాన్ని పేరెంట్స్ మీటింగ్ రోజు అమ్మమ్మ చేతిలో, కొత్త పేజీ పక్కన పెట్టాం. ఆవిడకు చదువు రాదు. రెండింటినీ మార్చి మార్చి చూసి, ‘ఇది మా గుంటడు రాసిందేనేటమ్మా?’ అని అడిగింది. చదువు రాకపోయినా తేడా కంటికి కనబడింది. పాతది ఇంటివాళ్లకు, కొత్తది బడికంతటికీ చూపించాలన్నది నేను ఆ సిస్టర్ గారి దగ్గర నేర్చుకున్నాను. పాత తప్పును నలుగురిలో చూపించి మెచ్చుకుంటే పిల్లాడికి గుర్తుండేది ఆ తప్పే.

కాబట్టి మీరు మీటింగ్‌కు వెళ్లినప్పుడు ‘మా వాడికెందుకు ప్రైజ్ ఇవ్వలేదు’ అని అడగొద్దు. అలా అడిగితే టీచర్ మార్కుల రిజిస్టర్ తీస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. జూన్ నోటుబుక్కూ ఇప్పటిదీ రెండూ పట్టుకెళ్లి, ‘మేడమ్, ఈ రెండింటికీ మధ్య మా వాడిలో మీకేం మారినట్టు కనబడింది?’ అని అడగండి. మంచి టీచర్‌కు ఆ ప్రశ్న చాలు. మర్నాటి నుంచి ఆవిడ చూపు మీ వాడి మీద తప్పకుండా ఉంటుంది. స్కూల్ వాళ్లు ఇంకా మార్కులే అంటుంటే, 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన ప్రోగ్రెస్ కార్డు గురించి మర్యాదగా ప్రస్తావించండి. అందులో టీచర్ అంచనాతో పాటు పిల్లాడు తన గురించి తాను చెప్పుకునేదీ, తోటి పిల్లలు చెప్పేదీ ఉండాలని రాసి ఉంది. ఇంకో సంగతి. మార్కులు తగ్గాయని పిల్లాణ్ని నలుగురిలో నిలబెట్టి చిన్నబుచ్చితే ఊరుకోనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

ఇక రెండో ప్రశ్న. 1993లో శ్రీకాకుళం మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) విడిగా ఏర్పడక ముందు మన ప్రాంతం విశాఖపట్నం మేత్రాసనం కింద ఉండేది. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు విశాఖ వచ్చింది 1846లో. ఇక్కడి మిషన్ బళ్లలో ఇతర మతాల పిల్లలూ కూర్చుంటారు, మా బడిలో అయితే వాళ్లే ఎక్కువ. క్యాథలిక్ పిల్లలు జ్ఞానోపదేశం (వాళ్ల మతపాఠం) క్లాసుకు వెళ్తే మిగతావాళ్లకు మోరల్ సైన్స్ ఉండేది. ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న ఏ బడిలోనైనా తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని మతబోధకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మీకు ఇబ్బంది అనిపించింది ఏదైనా ఉంటే ముందే చెప్పండి. నాకు తెలిసిన సిస్టర్లెవరూ దానికి నొచ్చుకోలేదు.

కానీ దూరంగా మాత్రం ఉండకండి. ర్యాంకు రాని పిల్లలు నలుగురి కళ్లలో పడేది ఈ కార్యక్రమాల్లోనే. డిసెంబర్ వస్తే క్రిస్మస్ కోసం యేసు పుట్టిన పశువుల పాక కట్టాలి, గడ్డి తేవాలి, వెదురుబద్దలతో స్టార్ చేయాలి. లెక్కల్లో వెనకబడిన పిల్లాడు వెదురు చీల్చడంలో అందరికంటే ముందుంటాడు, ఎందుకంటే వాళ్లింట్లో తట్టలు అల్లుతారు. తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజుల్లో, పిల్లలు పిడికెడు బియ్యం తెచ్చి ఒక డబ్బాలో పోసేవారు, అది వృద్ధాశ్రమానికి వెళ్లేది. ఆ డబ్బా బాధ్యత మేం ఎప్పుడూ మాట్లాడని పిల్లలకే ఇచ్చేవాళ్లం. గింజ కిందపడనిచ్చేవారు కాదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా బడి పిల్లల చుట్టాల ఇళ్లు కూడా అటువైపు ఉన్నాయి. బడి తెరిచాక నోటుబుక్కులు, బట్టలు పోగుచేసి పంపాం. అట్టలు వేసి, లేబుళ్లు అంటించి, కట్టలు కట్టింది మూడు, నాలుగు తరగతుల పిల్లలే. ఫస్టు ర్యాంకు అమ్మాయీ ఆఖరి బెంచీ అబ్బాయీ ఒకే చాప మీద కూర్చుని జిగురు పూశారు. ఎవరి మతం ఏమిటని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. ఆ ఏడాది యాన్యువల్ డేలో సిస్టర్ గారు మార్కుల బహుమతుల కంటే ముందు ఆ పిల్లల పేర్లే చదివించారు.

మీకు కుట్టుపని వస్తే, మైకు సెట్టు తెలిస్తే, ముగ్గు బాగా వేస్తే నవంబర్ ఆఖరులోనే క్లాస్ టీచర్‌కు చెప్పి ఉంచండి. క్రిస్మస్ ప్రోగ్రామ్ డ్రెస్సులకు, సంక్రాంతి ముగ్గుల పోటీకి మనుషులు ఎప్పుడూ చాలరు. తల్లిదండ్రులు అప్పుడప్పుడూ బడిలో కనబడుతుంటే, వాళ్ల పిల్లాడి గురించి మాట్లాడటం టీచర్లకూ తేలికవుతుంది. మీ వారికి సెలవు దొరక్కపోతే ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వెళ్లొచ్చు. మా మీటింగులకు సగం మంది అమ్మమ్మలు, నాయనమ్మలే వచ్చేవారు.