ఐటీఐ బోధకులు, సర్టిఫికెట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వృత్తి విద్యా సంస్థల్లో బోధకులుగా చేరదలచినవారు, ఇప్పటికే చేరి తమ అర్హత సరిపోతుందో లేదో తేల్చుకోలేకపోతున్నవారు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తిచేసి, తర్వాత అప్రెంటిస్‌షిప్ కూడా చేశాను. నాలుగేళ్లుగా ఒక కర్మాగారం మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ కావాలని ఉంది. కొందరు బీఈడీ చేయమంటున్నారు, కొందరు డిప్లొమా లేకపోతే ఆశ వదులుకోమంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇద్దరి మాటా సరికాదు. బీఈడీ పాఠశాల ఉపాధ్యాయులకు ఉద్దేశించిన కోర్సు. ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ల అర్హతలను నిర్దేశించేది కేంద్ర నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ కింద పనిచేసే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్. దీన్నే అందరూ డీజీటీ అంటారు. 2015 దాకా ఈ విభాగం కార్మిక శాఖలో ఉండేది. ప్రతి ట్రేడ్‌కూ డీజీటీ ప్రచురించే సిలబస్ పుస్తకంలో విద్యార్థి ఏం నేర్చుకోవాలో ఉన్నట్టే, నేర్పేవారికి ఏ అర్హత ఉండాలో కూడా చివరి పేజీల్లో స్పష్టంగా ఉంటుంది. చాలామంది ఆ పేజీల దాకా వెళ్లకుండానే ఊహాగానాలు చేస్తుంటారు.

మీ ట్రేడ్ విషయంలో మూడు దారులున్నాయి. సంబంధిత ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవారికి ఒక ఏడాది, మూడేళ్ల డిప్లొమా ఉన్నవారికి రెండేళ్లు, ఐటీఐ పూర్తిచేసినవారికి ఇచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ గానీ అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవారికి ఇచ్చే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ గానీ ఉన్నవారికి మూడేళ్లు, ఆ రంగంలో పని అనుభవం ఉండాలి. మీరు మూడో దారిలో ఉన్నారు. ఇది చిన్న దారి అని మీరు నొచ్చుకోవలసిన పని లేదు. ఒక ట్రేడ్‌లో మొదటి ఏడాది బ్యాచ్‌కు ఒకరు, రెండో ఏడాది బ్యాచ్‌కు ఒకరు చొప్పున ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉండవలసిన చోట, ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా చదివినవారు, మరొకరు ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ నుంచి వచ్చినవారు అయి ఉండాలని ఆ నిబంధనే చెబుతోంది. సిద్ధాంతం తెలిసినవారూ, చేతితో పని చేసి ఎదిగినవారూ ఒకే వర్క్‌షాప్‌లో ఉండాలన్న ఈ ఆలోచన చాలా మంచిదని మా అభిప్రాయం. నియామకాల్లో దీన్ని తూచా తప్పకుండా పాటించాలని కూడా కోరుకుంటున్నాం.

అయితే ఈ ఇద్దరికీ తప్పనిసరిగా ఉండవలసింది మరొకటి ఉంది. అదే నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్, అంటే ఎన్‌సీఐసీ. క్రాఫ్ట్స్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ కింద ఏడాది శిక్షణ పొంది, అఖిల భారత ట్రేడ్ పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి దీన్ని ఇస్తారు. వాడుకలో సీఐటీఎస్ చేశామనేది ఈ కోర్సు గురించే. హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఈ శిక్షణ ఇస్తాయి. ఇవి కాక డీజీటీ అనుమతి పొందిన కొన్ని ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడానికి కనీస వయసు 21 ఏళ్లు.

మీరు ఇప్పుడే చేయవలసిన పని ఒకటుంది. మీ కర్మాగారం నుంచి అనుభవ ధ్రువపత్రం తీసుకోండి. అందులో చేరిన తేదీ, ఇప్పటికీ పనిచేస్తున్న విషయం, మీరు చేసే ఎలక్ట్రికల్ పని స్వభావం స్పష్టంగా ఉండాలి. ఉద్యోగి, హెల్పర్ వంటి మాటలతో సరిపెట్టిన ధ్రువపత్రాలు పరిశీలన సమయంలో ఇబ్బంది పెడతాయి. పీఎఫ్ వివరాలు, జీతం చీటీలు కూడా దాచిపెట్టుకోండి.

ప్రశ్న: నేను ఫిట్టర్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా చేతి కింద ఎందరో కుర్రవాళ్లు పని నేర్చుకున్నారు. పని బాగా వచ్చినవాడికి నేర్పడం రాదా? దానికి ప్రత్యేకంగా ఏడాది కోర్సు ఎందుకని నా సందేహం.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అనుభవం మీద గౌరవంతోనే ఈ ప్రశ్నకు కొంత వివరంగా జవాబిస్తున్నాం, ఎందుకంటే ఈ విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మీ చేతి కింద నేర్చుకున్న కుర్రవాడు రోజూ మీ పక్కనే నిలబడ్డాడు. అతనికి కాలపరిమితి లేదు, పరీక్ష లేదు, అర్థం కానిది రేపు మళ్లీ చూసే వీలుంది. ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ ముందు ఒకే బ్యాచ్‌లో ఇరవై మంది ఉంటారు. వారిలో పదో తరగతితో వచ్చినవారుంటారు, ఇంటర్ పూర్తిచేసినవారుంటారు, ఫైల్ (ఆకురాయి) అనే పనిముట్టును ఆ రోజే తొలిసారి చూసినవారూ ఉంటారు. నిర్ణీత గంటల్లో, నిర్ణీత క్రమంలో, ఎవరికీ గాయం కాకుండా అందరినీ ఒక స్థాయికి తేవాలి. చేయి తిరిగిన పనివాడికి ఇక్కడ ఎదురయ్యే అసలు చిక్కు ఏమిటంటే, ఏళ్ల తరబడి చేసిన పని ఆయన చేతికి అలవాటైపోయి, అందులో ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేస్తున్నారో ఆయన దృష్టికే రాదు. ఫైల్ పట్టుకునే తీరు, ఇనుప ముక్కను బిగించి పట్టే వైస్ ఎత్తుకు తగ్గట్టు నిలబడే తీరు, ముందుకు నెట్టేటప్పుడు బలం పెట్టి వెనక్కి తెచ్చేటప్పుడు వదలడం, ఇవన్నీ ఆయనకు ఒకటే కదలిక. కొత్తవాడికి అవి నాలుగు వేర్వేరు విషయాలు, నాలుగూ విడివిడిగా చూపించాలి.

సీఐటీఎస్‌లో ట్రేడ్ పాఠాలతో పాటు శిక్షణ పద్ధతులు అనే భాగం ఉన్నది ఇందుకోసమే. పాఠ్య ప్రణాళిక రాయడం, డెమో ఇచ్చేటప్పుడు అందరికీ చేతులు కనిపించేలా ఎక్కడ నిలబడాలో తెలుసుకోవడం, జాబ్ (విద్యార్థి తయారుచేయవలసిన వస్తువు) వివరాల షీటు, దాన్ని చేసే క్రమం చెప్పే ఆపరేషన్ షీటు తయారుచేయడం, విద్యార్థి చేసిన జాబ్‌ను కొలిచి మార్కులు వేయడం, తక్కువ మార్కులు ఎందుకు వచ్చాయో అతనికి చెప్పడం అందులో నేర్పుతారు. సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, పరీక్షించడం అన్న నాలుగు మెట్ల క్రమం ఈ శిక్షణకు వెన్నెముక. శిక్షణార్థి తోటివారి ముందు నిలబడి పాఠం చెప్పాలి, విమర్శ వినాలి, మళ్లీ చెప్పాలి. వరసగా పాఠాలు చెప్పి సరిదిద్దుకున్న ఇన్‌స్ట్రక్టర్‌కూ, నేరుగా తరగతిలోకి వచ్చినవారికీ తేడా మొదటి నెలలోనే తెలుస్తుంది.

ఈ అవసరాన్ని మన దేశం కొత్తగా కనిపెట్టలేదు. ఐటీఐల చదువుకు ఆధారమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. బోధకులకు శిక్షణ ఇచ్చే తొలి సంస్థ అంతకు రెండేళ్ల ముందే, 1948లో, బిలాస్‌పూర్ దగ్గరి కోనిలో ఏర్పాటైంది. ముందు గురువులను తయారుచేసి తర్వాతే విద్యార్థులను పిలవాలన్న ఆనాటి వివేకాన్ని ఇప్పుడు మనం నిలుపుకోవాలి. సర్టిఫికెట్ ఉన్న ప్రతివారూ గొప్ప బోధకులవుతారని మేము అనడం లేదు. కానీ పని తెలిసినవారికి నేర్పే విద్య కూడా తోడైతే నష్టపోయేవారు లేరు, లాభపడేది ఏటా కొత్తగా వచ్చే ఆ ఇరవై మంది.

ప్రశ్న: నేను మెకానికల్‌లో బీటెక్ చేసి ఆరేళ్లుగా ఒక ప్రైవేటు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ బోధిస్తున్నాను. సీఐటీఎస్ లేదు. తనిఖీల్లో ప్రతిసారీ ఈ లోపాన్ని రాస్తున్నారని, త్వరగా పూర్తిచేయమని యాజమాన్యం అంటోంది. చిన్న పిల్లలున్నారు, ఏడాది ఉద్యోగం మానుకుని వెళ్లలేను. మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఉంది. ఇప్పటికే బోధిస్తున్నవారి అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని, ఏడాది కోర్సుకు బదులు స్వల్పకాల తరగతుల తర్వాత పరీక్ష రాయనిచ్చే ఏర్పాటు డీజీటీలో ఉంది. దీన్ని ఆర్‌పీఎల్ మార్గం అంటారు. అయితే ఇది అన్ని వేళలా తెరిచి ఉండదు. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి మీ ప్రిన్సిపాల్ ద్వారా హైదరాబాద్‌లోని శిక్షణ సంస్థను ముందుగానే సంప్రదించి ఉంచండి.

ఈలోగా రెండు విషయాలు సరిచూసుకోండి. ఒకటి, మీ సంస్థ ప్రభుత్వానికి సమర్పించే వివరాల్లో మీ పేరు ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌గానే నమోదై ఉందో లేదో. కొన్ని చోట్ల బోధించేది ఒకరు, నమోదయ్యే పేరు మరొకరిది. అలాంటప్పుడు ఆరేళ్ల శ్రమకు కాగితం మీద ఆధారం ఉండదు. ఇది బోధకులకు జరిగే అన్యాయమే, మొహమాటపడకుండా అడిగి సరిచేయించుకోండి. రెండు, మీ నియామక పత్రం, జీతం బ్యాంకులో పడిన ఆధారాలు. ఒకవేళ యాజమాన్యం మీకు ఎంప్లాయబిలిటీ స్కిల్స్ తరగతులు కూడా అప్పగిస్తే, దానికి నియమం వేరు. ఆ సబ్జెక్టుకు డిగ్రీ లేదా డిప్లొమాతో పాటు రెండేళ్ల అనుభవం, స్వల్పకాల శిక్షణ అడుగుతారు.

ఏడాది కోర్సుకు వెళ్లగలిగే పరిస్థితి ఎప్పుడైనా కలిగితే మాత్రం అదే మేలని మా సలహా. స్వల్పకాల మార్గంలో సర్టిఫికెట్ వస్తుంది గానీ, తోటివారి ముందు పాఠాలు చెప్పి సరిదిద్దుకునే అంత సమయం దొరకదు.

ప్రశ్న: గల్ఫ్‌లో చాలా ఏళ్లు పైప్ వెల్డర్‌గా పనిచేసి తిరిగి వచ్చాను. సిక్స్‌జీ పరీక్ష పాసయ్యాను. పదో తరగతి వరకు చదివాను, ఐటీఐ చేయలేదు. మా జిల్లాలో వెల్డింగ్ నేర్పే ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వాలుగా బిగించిన పైపు చుట్టూ, దాన్ని తిప్పకుండా వెల్డింగ్ చేసి సిక్స్‌జీలో నెగ్గడం తేలిక కాదు. మీ నైపుణ్యం గురించి ఎవరికీ సందేహం ఉండదు. కానీ అది ఒక పనిని ఒక పద్ధతిలో చేయగలరని చెప్పే ధ్రువీకరణ మాత్రమే. ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ కావడానికి కావలసిన ట్రేడ్ సర్టిఫికెట్ స్థానంలో అది చెల్లదు.

వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైనవారు కూడా చేరవచ్చు. కాబట్టి చదువు పరంగా మీకు అడ్డంకి లేదు. తగిన అనుభవం ఉన్న కార్మికులను ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత ట్రేడ్ పరీక్షకు అనుమతించే ఏర్పాటు కూడా ఉంది. మీ జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ను కలిసి ఈ ఏటి షరతులు తెలుసుకోండి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక సీఐటీఎస్‌కు దరఖాస్తు చేయవచ్చు. గల్ఫ్ అనుభవం విషయంలో ఒక జాగ్రత్త. ట్రేడ్ సర్టిఫికెట్ పొందిన తర్వాతి అనుభవాన్నే లెక్కిస్తామని నియామక ప్రకటనలో ఉందేమో చూసుకోండి. కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రాలను మాత్రం పారేయకండి.

అంత కాలం ఆగలేకపోతే, స్వల్పకాల నైపుణ్య శిక్షణ కేంద్రాలు మరో మార్గం. అక్కడ శిక్షకుల అర్హతను ఆయా రంగాల సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లు నిర్వహించే శిక్షకుల శిక్షణ, మదింపు ద్వారా నిర్ణయిస్తారు. మీలాంటి అనుభవజ్ఞులకు అక్కడ చోటు దొరికే అవకాశం ఎక్కువ. అయితే ఆ సర్టిఫికెట్‌తో ఐటీఐ రెగ్యులర్ పోస్టుకు అర్హత రాదని ముందే తెలిసి చేరండి.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్‌లో వొకేషనల్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. నాకూ సీఐటీఎస్ కావాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అక్కరలేదు. సమగ్ర శిక్ష కింద 9వ తరగతి నుంచి నడిచే వృత్తి విద్యా కోర్సుల ట్రైనర్లకు, బోధించే జాబ్ రోల్‌ను బట్టి అర్హతలుంటాయి. ఆ కోర్సుల పాఠ్య ప్రణాళికలను భోపాల్‌లోని పండిత్ సుందర్‌లాల్ శర్మ కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ రూపొందిస్తుంది. ట్రైనర్‌కు ఏ అర్హత ఉండాలో వాటిలోనే చూడవచ్చు.

ప్రశ్న: పాలిటెక్నిక్ లెక్చరర్‌కు సీఐటీఎస్ ఉంటే అదనపు లాభం ఉంటుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పాలిటెక్నిక్‌లు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వస్తాయి. అక్కడ చూసేది ఇంజినీరింగ్ డిగ్రీ, అందులో వచ్చిన శ్రేణి. బోధనా శిక్షణ కావాలంటే దక్షిణాది రాష్ట్రాలకు చెన్నైలోని జాతీయ సాంకేతిక ఉపాధ్యాయ శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది.

ప్రశ్న: చాలా కాలం కిందటే సీఐటీఎస్ పూర్తిచేసి ఏటీఓగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌గా) పనిచేస్తున్నాను. మా ఐటీఐలో ఇప్పుడు రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలు వచ్చాయి. మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఎన్‌సీఐసీకి కాలదోషం లేదు. అయితే తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలయ్యాక, పాత ట్రేడ్‌లో శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్లు కొత్త యంత్రాల ముందు తడబడే పరిస్థితి వచ్చింది. ఇందులో వారి తప్పు లేదు. యంత్రం కొన్నంత శ్రద్ధగా దాన్ని నేర్పేవారికి శిక్షణ ఇప్పించాలి. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఐటీఐల ఆధునికీకరణ పథకంలో 50 వేల మంది శిక్షకులకు శిక్షణ, హైదరాబాద్‌తో సహా ఐదు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల సామర్థ్యం పెంపు ఉన్నాయి. మీ వంతు కోసం వేచి ఉండకుండా, స్వల్పకాల కోర్సులకు పంపమని మీ ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా విన్నవించండి.

ప్రశ్న: కొంత సొమ్ము కడితే ఇంటి దగ్గరే ఉండి నెలలో సీఐటీఎస్ సర్టిఫికెట్ వచ్చేలా చూస్తానని ఒక ఏజెంటు మా అబ్బాయితో అన్నాడు. కట్టవచ్చా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: కట్టకండి. వర్క్‌షాప్‌లో అడుగుపెట్టకుండా ఈ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఏదీ లేదు. ఇంతకు ముందు చెప్పిన ఆర్‌పీఎల్ మార్గం కూడా ఇప్పటికే ఐటీఐలో బోధిస్తున్నవారి కోసమే, అందులోనూ పరీక్ష రాయవలసిందే. డీజీటీ గుర్తించిన శిక్షణ సంస్థల జాబితా దాని వెబ్‌సైటులో ఉంటుంది, ప్రవేశాలు కూడా ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారానే జరుగుతాయి. నియామక సమయంలో సర్టిఫికెట్‌ను అధికారిక రికార్డులతో సరిపోల్చి చూస్తారు. అక్కడ తేడా వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు, మీ అబ్బాయి మీద కేసు పడుతుంది. ఏజెంటు ఇచ్చిన రసీదులు, సందేశాలు ఏమైనా ఉంటే వాటితో సమీప పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి.