తాతగారిది స్టెనో, మనవరాలికి డేటా సైన్సా? గుణుపురం నాన్నగారికి జవాబు

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ల నాన్నగారు టైపు, షార్ట్‌హ్యాండ్ పాసై గవర్నమెంటు ఆఫీసులో చేరి హెడ్ క్లర్కుగా రిటైరయ్యారట. అమ్మాయి బీకాం అయిపోయింది. స్టెనో కోచింగ్‌లో చేర్చాలా, లేక బంగారం తాకట్టు పెట్టి వైజాగ్‌లో ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సుకి పంపాలా, ఏఐ వచ్చాక అసలు ఆఫీసు పనులు మిగుల్తాయా అని అడుగుతున్నారు.

సార్, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తూనే ఉంటుంది. పైకి కోర్సు గురించి అడుగుతారు గానీ లోపల భయం వేరు, మా నాన్నకి దొరికిన నిలకడ నా పిల్లకి దొరుకుతుందా లేదా అని. ముందు దాని సంగతే చెప్తాను.

మీ నాన్నగారికి అన్నం పెట్టింది వేళ్ల స్పీడ్ ఒక్కటే కాదండి. షార్ట్‌హ్యాండ్ అంటే చెప్పే మాటల్ని అంతే వేగంగా గీతల్లో రాసుకోవడం. పిట్‌మన్ పద్ధతి 1837 నాటిది, అందులో 'ప'కి సన్న గీత, 'బ'కి అదే గీత లావుగా, స్పీడ్ పెరిగేకొద్దీ అచ్చులు చాలావరకు వదిలేస్తారు. ఆ గీతల్ని సాయంత్రం చదివి లెటర్ టైప్ చేయాలంటే ఆఫీసర్ ఏ ఫైలు గురించి చెప్పాడో, ఏ రూలు కింద చెప్పాడో బుర్రలో ఉండాలి, లేకపోతే ఒక మాట బదులు ఇంకో మాట పడిపోతుంది. సర్క్యులర్ అయితే ఇంకా కష్టం. రిబ్బన్ పక్కకి తప్పించి మైనం స్టెన్సిల్ మీద అక్షరాలు కోసుకుపోయేలా కొట్టాలి, తప్పు పడితే ద్రవం రాసి, ఆరేదాకా ఆగి మళ్లీ కొట్టాలి, ఆ తర్వాతే సైక్లోస్టైల్ మిషన్ మీద కాపీలు తీయడం. గోద్రెజ్ మొదటి టైప్ మిషన్ 1955లో వచ్చింది, 2009లో తయారీ ఆగిపోయింది. మిషన్ పోయింది గానీ ఫైలు తెలిసిన మనిషి అవసరం మాత్రం పోలేదు.

ఇంకోటి, అసలు ముఖ్యమైనది. 1936 ఏప్రిల్ 1 దాకా మన గుణుపురం విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. ఆ తర్వాత ఒడిశా అయ్యింది, 1954లో ఒడియా అధికార భాష చట్టం వచ్చింది. వాడకంలో ఇంగ్లీషు చాలాకాలం నడిచినా, ఇక్కడ ఆఫీసులో నిలబడాలనుకున్న తెలుగువాళ్లకి ఒడియా రాకపోతే కుదరని పరిస్థితి. ఈరోజుకీ అంతే, రాష్ట్ర ఉద్యోగానికి ఒడియా చదవడం రాయడం రావాలి. మరి మీ అమ్మాయికి వచ్చా? మీరు ఇంత రాశారు, ఆ మాట ఎక్కడా లేదు. అమ్మాయికి ఏది ఇష్టమో కూడా లేదు. ఆమె జీవితం గురించి మీరూ నేనూ మాట్లాడుకుంటున్నాం, ఆమె గొంతు మాత్రం వినపడట్లేదు. కోప్పడ్డాననుకున్నా పర్లేదు, ఈరోజే కూర్చోబెట్టి అడగండి.

డేటా సైన్స్ మీద నాకు అనుమానాలు ఉన్నాయి, దాచను. ఆ పని మంచిదే, కానీ స్టాటిస్టిక్స్ గట్టిగా రాకుండా ఆర్నెల్లలో అవుతుందని చెప్పేవాళ్లని నమ్మలేను. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అంటే ఏ కంపెనీ, ఎంత జీతం, ఉద్యోగం రాకపోతే డబ్బు వెనక్కిస్తారా, ఇదంతా కాగితం మీద రాసిమ్మనండి. పోయిన బ్యాచ్ పిల్లలతో మీ అమ్మాయినే మాట్లాడనివ్వండి. ఇవేవీ కుదరవంటే బంగారం బయటికి తీయొద్దు. బీకాం పిల్లకి టాలీ, జీఎస్టీ, ఎక్సెల్ బాగా వస్తే ఇంటి దగ్గరే ఆడిటర్ ఆఫీసులో మొదలుపెట్టొచ్చు, చిన్న జీతమే, కానీ అప్పు లేని జీతం.

స్టెనో విషయానికొస్తే, మాట చెప్తే టైప్ చేసే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కాబట్టి ముందుముందు పోస్టులు తగ్గొచ్చు. అయినా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పెట్టే స్టెనో పరీక్ష ఉంది. అందులో గ్రేడ్ డికి నిమిషానికి 80 మాటలు, గ్రేడ్ సికి 100, పది నిమిషాల డిక్టేషన్, ఇంగ్లీషు లేదా హిందీలోనే. ఇంగ్లీషు స్పెల్లింగ్ గట్టిగా ఉండి రోజూ కూర్చునే ఓపిక ఉన్న పిల్లయితే చేర్చండి, లేదంటే తాతగారి పేరు చెప్పి బలవంతం చేయకండి.

ఆమెకి వయసుంది సార్, ఒక ఏడాది అటూ ఇటూ అయితే ఏమీ మునిగిపోదు. ఏ దారి పట్టినా ఈ నెల్లోనే ఒడియా రాయడం మొదలుపెట్టించండి, రోజుకి ఒక పేజీ చాలు, మీరే ఒడియా పేపర్లోంచి చదివి డిక్టేషన్ చెప్పండి. అమ్మాయి ఏమందో నాకు మళ్లీ రాయండి, వీలైతే ఆమెనే రాయమనండి.