డోమ్ కోసం లోన్ వద్దు, ముందు టెలిస్కోప్ మౌంట్ కొనండి

ప్రశ్న: రెండేళ్లుగా 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌తో ఆకాశం చూస్తున్నాను. ఇక ఫొటోలు తీయాలని, మేడ మీద డోమ్‌తో (తెరుచుకునే గుండ్రటి కప్పుతో) సొంత అబ్జర్వేటరీ కట్టుకోవాలని ఉంది. మొత్తం ఖర్చు 8 నెలల జీతమంత, అందులో సగం డోమ్‌కే. పొదుపు 6 నెలల జీతమంత ఉంది. ఇంటి ఖర్చులు జీతంలో సగం. మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకుని, జీతంలో పావు వంతు ఈఎంఐ కట్టవచ్చా?

జవాబు: వద్దండి. ఆరు నెలల ఇంటి ఖర్చులు, అంటే 3 నెలల జీతమంత, అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన 3 నెలల జీతంతో పని మొదలవుతుంది. మీ కోరికను మానుకోమనడం లేదు, కొనే వరస మార్చమంటున్నాను.

డోమ్ గాలిని ఆపుతుంది, రోజూ సామాను మోసే శ్రమ తప్పిస్తుంది. ఫొటో బాగా రావాలంటే మాత్రం మౌంట్, అంటే టెలిస్కోప్‌ను మోస్తూ తిప్పే స్టాండ్, బాగుండాలి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో మౌంట్ కాస్త తడబడినా చుక్కలు గీతలైపోతాయి. అందుకే పెద్ద వాటా ఆకాశంతో పాటు తిరిగే ఈక్వటోరియల్ మౌంట్‌కు పెట్టండి. ఫొటోలకైతే కంపెనీ చెప్పిన బరువులో సగమే ఎక్కించాలి: ట్యూబు, కెమెరా, గైడ్ స్కోప్ (గురి తప్పకుండా చూసే చిన్న టెలిస్కోప్) కలిపి 8 కిలోలైతే 16 కిలోలు మోసే మౌంట్ చూడండి. దాని మీదకు 80 మిల్లీమీటర్ల చిన్న రిఫ్రాక్టర్ (లెన్సు టెలిస్కోప్) చాలు. డాబ్సోనియన్‌ను అమ్మకండి, కంటితో చూడ్డానికి అదే హాయి.

మంచి మౌంటు, ఐపీసులు (కన్ను పెట్టి చూసే లెన్సులు) పదిలంగా వాడుకుంటే సెకండ్ హ్యాండ్‌లోనూ చెప్పుకోదగ్గ ధర పలుకుతాయి. కెమెరా విలువ త్వరగా పడిపోతుంది. మేడకు బిగించిన డోమ్‌ను విప్పి అమ్మితే చేతికొచ్చేది కొంచెమే. అలాంటిదానికి వడ్డీ కట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

పైగా మేడ మీద ఇంకో చిక్కుంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతుంటే చుక్కలు వణుకుతాయి, మీరు నడిస్తే అదురు మౌంట్‌కు తగులుతుంది. పెరట్లో చోటుంటే అక్కడ పియర్ (మౌంట్‌ను నిలబెట్టే కాంక్రీటు దిమ్మె) పోయించి, చుట్టూ వేసే నేల దానికి తగలకుండా సందు వదలండి. ఏ చోటైనా కట్టే ముందు కొన్ని నెలలు ట్రైపాడ్ మీదే పనిచేసి చూడండి. ఏ చెట్టు అడ్డమో, ఏ వీధిదీపం కంట్లో కొడుతుందో అప్పుడే తెలుస్తుంది.

డ్యూ హీటర్లు (లెన్సు మీద మంచు పట్టకుండా ఆపేవి), సర్జ్ ప్రొటెక్టర్, బీమా కూడా ఖర్చులో చేర్చండి. ఇంటి బీమా బయటి షెడ్డులోని సామానుకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. బిల్లులు, సీరియల్ నంబర్లు దాచుకోండి.

ఈఎంఐకి అనుకున్న పావు వంతును నెలనెలా వేరే ఖాతాలో వేస్తే ఏడాదికి మరో 3 నెలల జీతం చేరుతుంది. అప్పుడు డోమ్‌తో పాటు రోల్-ఆఫ్ రూఫ్ షెడ్డుకూ కొటేషన్ తీసుకోండి. మామూలుగా అది చవక, కప్పు జరిపితే ఆకాశమంతా ఒకేసారి తెరుచుకుంటుంది.