సోంపేటలో పళ్ల క్లినిక్ పెడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

క్లినిక్ తెరుస్తున్నావని విని మనసు నిండిపోయింది. బోర్డు మీద ‘నానో ఫిల్లింగ్స్’ అని రాయించనా అని అడిగావు. వద్దు తల్లీ, ఫిల్లింగ్ నిలిచేది పేరుతో కాదు, పనితో. మెటీరియల్ మాత్రం కొనుక్కో, అది మంచిదే.

వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. ఆ నానో ఫిల్లింగ్స్‌కి వాడే కాంపోజిట్‌లలో, అంటే పుచ్చు గుంటలో నింపే పదార్థంలో, 20 నానోమీటర్ల సిలికా రేణువులు కూడా ఉంటాయి. నమిలి నమిలి పైపొర అరిగినా, ఊడేది అంత చిన్న రవ్వ కాబట్టి నునుపు, మెరుపు చాలాకాలం నిలుస్తాయి. ముందు పళ్లకి నేను అదే వాడతాను. కానీ లైటు పడి గట్టిపడేటప్పుడు ఇదీ కుంచించుకుపోతుంది. అందుకని 2 మిల్లీమీటర్లు మించకుండా పొరలు పొరలుగా వెయ్యి. అన్నిటికన్నా ముందు పన్ను పొడిగా ఉండాలి.

నాకు ఆ సంగతి నేర్పింది పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఒకావిడ. బయట జనం ఎదురుచూస్తున్నారన్న టెన్షన్‌లో పంటికి ఉమ్మి తగలకుండా కట్టే రబ్బరు తెర, అదే రబ్బర్ డ్యామ్, కట్టకుండా, దూది పెట్టి కానిచ్చేశాను. నాలుగు నెలలకి వచ్చి కొంగు ముడి విప్పింది. అందులో నేను పెట్టిన ఫిల్లింగ్, చెక్కు చెదరకుండా! ‘మళ్లీ అతికించెయ్యండి బావూ’ అంది. చూస్తే గుంట అడుగున పుచ్చు మళ్లీ మొదలైంది. రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి. ఆ కొంగు ముడి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

పాలిష్ చేసేటప్పుడు నీళ్లు, సక్షన్, మాస్క్ తప్పనిసరి. ఆ ధూళి కంటికి కనిపించదు గానీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజంతా పీల్చేది నువ్వూ, నీ అసిస్టెంటూ.

పళ్లు జివ్వుమంటున్నాయన్న వాళ్లకి నానో హైడ్రాక్సీఅపటైట్ పేస్టు వాడమని చీటీ రాయొచ్చు. ఎనామిల్‌లో ఉండేదీ ఆ ఖనిజమే. ఎనామిల్ కింది పొర డెంటిన్‌లోని సన్నని గొట్టాల నోళ్లు పూడుస్తుంది. జపాన్‌లో 1980 నుంచే అలాంటి పేస్టు అమ్ముతున్నారు. కొనలేని వాళ్లని మాత్రం ఒత్తిడి చేయకు. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోముకోమను, చాలు.

ఇంకో మాట. ఏ పన్ను కోసం వచ్చినా అంగిలి చూడకుండా పంపకు. మన తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని. తెల్లమచ్చో మానని పుండో కనిపిస్తే క్యాన్సరేమో తేల్చే ముక్క పరీక్షకి, బయాప్సీకి పంపు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం వాళ్లకి నొప్పి బిళ్లలు రాసే ముందు కిడ్నీల సంగతి అడుగు, క్రియాటినిన్ రిపోర్టు చూడు.

ఆదివారం వస్తాను. నా రబ్బర్ డ్యామ్ కిట్ తెస్తున్నాను, నువ్వు కొనకు.

మీ మావయ్య
శ్రీకాకుళం